డక్ట్ మీద రేకు

హఫీజ్‌పేట్,
ఆదివారం సాయంత్రం.

శ్రీవారికి దేవి నమస్కారాలు.

ఇక్కడ అత్తయ్యా నేనూ క్షేమం. పూణేలో మీరు క్షేమంగా ఉన్నారని మీ ఉత్తరంలోని నింపాదితనం చూస్తేనే తెలిసింది. గొడవ వచ్చినప్పుడు ఫోన్‌లో అరుచుకోకూడదు, కాగితం మీద రాసుకోవాలి అని పెళ్ళైన కొత్తలో మీరే ఏర్పాటు చేశారు. సరే, రాస్తున్నాను. ఈసారి కాగితం మీదే అరుస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. అత్తయ్య బీపీ మాత్రలు వేసుకుంటున్నారు. కారు అప్పుడప్పుడూ స్టార్ట్ చేసి పెడుతున్నాను. గ్యాస్ పొయ్యి బాగు చేయించాను. "ఆ పుట్టగొడుగుల టెంటు ఇంకా తీయలేదా?" అని అడిగారు. తీయలేదు. తీయను కూడా. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

దాన్ని మీరు టైంపాస్ అన్నారు. రాయదుర్గం ఆఫీసులో మా టీమ్ మొత్తాన్ని తీసేసిన రోజు బ్యాడ్జి ఇచ్చేసి ఇంటికొచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా అలాగే కూర్చుండిపోయాను. మీరప్పుడు ఇక్కడే ఉన్నారు. మళ్ళీ నన్ను లేపింది ఆ టెంటే. రెండో పడగ్గదిలో ప్లాస్టిక్ పైపులతో చట్రం కట్టాను. చందానగర్ బజారులో మందపాటి నల్లపట్టా కొని, టైలర్ చేత జిప్పు కుట్టించాను. బాత్‌రూముల్లో పెట్టే చిన్న ఫ్యాను ఒకటి బిగించాను. లోపల వరిగడ్డి సంచులు వేలాడదీసి ముత్యపు చిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నాను. నిజాంపేటలో లేడీస్ హాస్టల్ నడిపే భూలక్ష్మిగారు ఎన్ని ఇచ్చినా తీసుకుంటానన్నారు. పోయిన నెల ఆవిడ ఫోన్ చేసి "మీ పుట్టగొడుగుల కూర రోజున అన్నం మిగలడం లేదండీ" అంటే, ఉద్యోగం పోయాక మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వాను. టైంపాస్ అట!

తడిసిన గడ్డికి వాసన ఉంటుంది, కాదనను. అందుకే ఇనుప జాలీని గొట్టంలా చుట్టి, బొగ్గు నింపి, పాత నూలుచీర చుట్టి ఫ్యానుకు ముందు పెట్టాను. మొదటిసారి ఇస్త్రీ బండి దగ్గర తెచ్చిన బొగ్గు వేసి, ఇల్లంతా మసి చేసి, అత్తయ్య చేత చీవాట్లు తిన్నాను. తర్వాత చేపల తొట్టెల కొట్లో దొరికే బొగ్గు తెచ్చాను. ఫ్యాను గాలిని బయటికి లాగుతుంటే పట్టా గోడలు లోపలికి నొక్కుకుంటాయి. వెలిగించిన అగరుబత్తి జిప్పు దగ్గర పెడితే పొగ లోపలికే పోతుంది. అంటే వాసన గదిలోకి రావడం లేదన్నమాట. ఆ గాలిని గొట్టం ద్వారా బాత్‌రూము కిటికీలోంచి, అన్ని అంతస్తులకూ ఉమ్మడిగా నిలువునా ఉన్న డక్ట్‌లోకి వదిలాను. మన అపార్ట్‌మెంట్‌లో అందరి వంటింటి పొగా, గీజరు ఆవిరీ పోయేది ఆ డక్ట్‌లోకే కదా!

ఇక గొడవ మీకు తెలిసిందే. కార్తీక సోమవారం నాడు పైఫ్లోర్ ఈశ్వరమ్మగారు ఉపవాసంతో తలస్నానానికి వెళితే బాత్‌రూము నిండా పుట్టగొడుగుల కంపు. ఆవిడకు కోపం రావడం న్యాయమే. కానీ అపార్ట్‌మెంట్ గ్రూపులో జనం అక్కడితో ఆగారా? ఒకరు గంజాయి అన్నారు, ఇంకొకరు పోలీసులన్నారు. నేను ఇంకా జవాబు టైపు చేస్తూనే ఉన్నాను, ఈలోగా పూణే నుంచి మీ మెసేజ్ వచ్చి పడింది. "మా మిసెస్ తెలియక చేసింది. అందరికీ సారీ. టెంట్ తీయించే బాధ్యత నాది." కింద దణ్ణం పెట్టే చేతుల బొమ్మలు. నా ఒళ్ళు మండిపోయింది. నన్నొక్క మాట అడిగారా? నేనేమైనా పక్కింటి గోడకు బంతి కొట్టిన చిన్నపిల్లనా?

ఆ పైన ఫోన్ చేసి, గొడవ చల్లారేదాకా ఫ్యాను ఆపి, గొట్టంలో గుడ్డలు కుక్కమన్నారు. మీ మాట విన్నాను, బుద్ధి లేక. గాలి ఆడక పుట్టగొడుగులు కాళ్ళు బారెడు, తలలు బెత్తెడైనా లేకుండా పెరిగాయి. భూలక్ష్మిగారు మొహమాటంగానే వద్దన్నారు. ఇల్లంతా ముక్కిపోయిన వాసన వేసి, అత్తయ్యకు దగ్గు పట్టుకుంది. గుడ్డలు తీసి మళ్ళీ ఫ్యాను వేశాను. అప్పుడే మీకు రాశాను, బొగ్గు మార్చినా వాసన ఎందుకు పోవడం లేదు, డక్ట్‌లో గాలి అసలు ఎటు పోతోంది అని. మీరేం జవాబిచ్చారు? "గాలి పైకే పోతుంది, అనుమానం అక్కర్లేదు. లోపమంతా నీ గడ్డిలోనే ఉంది" అన్నారు. నేను ఆ మాట నమ్మి గడ్డిని మళ్ళీ మళ్ళీ ఉడకబెట్టాను.

మొన్న విసుగొచ్చి అగరుబత్తి తీసుకెళ్ళి బాత్‌రూము కిటికీ బయట పెట్టాను. పొగ పైకి వెళ్ళలేదు. అక్కడక్కడే తిరిగి నా మొహం మీదికే వచ్చింది. వాచ్‌మన్ తిరుపతిని పిలిచి టెర్రస్ ఎక్కాను. డక్ట్ నెత్తిన రేకు, చుట్టూ సందు లేకుండా సిమెంటు. గాలి పోయేందుకు దారే లేదు.

"ఇదెప్పుడు వేశారు తిరుపతీ?" అన్నాను.

"నిరుడేసిండ్రు మేడమ్. పావురాలు లోపట పడి సస్తున్నయని సారే ఏపిచ్చిండు. మీరు గప్పుడు ఆఫీసుకు పోతుండిరి."

"ఏ సారు?"

"మీ సారే మేడమ్. జర సందు ఇడువమని మేస్త్రీ అంటే, వద్దు, మొత్తం బంద్ జెయ్యమన్నడు. సార్‌కు ఎర్కనే గద!"

అక్కడే ట్యాంకు గట్టు మీద కూలబడ్డాను. రేకు వేయించడం తప్పని నేననను. పావురాల బాధ పడలేక వేయించారు, ఎవరు వేయించారో తెలియకపోయినా పావురాల పీడ పోయిందని అందరూ సంతోషించారు కూడా. కానీ వాసన గొడవ మొదలైన క్షణం నుంచీ అసలు కారణం మీకు తెలుసు. మీరు ఇంజనీరు. పైన మూస్తే గాలి ఎక్కడికి పోతుందో మీకొకరు చెప్పాలా? తెలిసీ, అపార్ట్‌మెంట్‌లో మీ మాట పోతుందని, భార్యను పదిమంది నోళ్ళలో పడేసి పైనుంచి సారీ చెప్పారు. చేసిందొకరు, చెంపలు వేసుకోవాల్సింది ఇంకొకరు!

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయడానికే ఇంతసేపూ చెయ్యి రాలేదు. ఈ ఉదయం సెల్లార్‌లో కుర్చీలు వేసి మీటింగ్ పెట్టారు. టెంటు ఉండాలా తీయాలా తేల్చేది అక్కడే. సెక్రటరీ చెన్నకేశవులుగారు లేస్తూనే, "ఏందమ్మా, ఇది ఇల్లనుకుంటివా, కొట్టమనుకుంటివా?" అన్నారు. నేను అగరుబత్తి సంగతీ, రేకు సంగతీ విడమరిచి చెప్పాను. ఈశ్వరమ్మగారు శ్రద్ధగా విని, "అయితే ఆ రేకు ఎవరు వేయించారమ్మాయ్?" అని అడిగారు.

మీ పేరు నా నాలుక చివర ఉంది. చెప్పలేకపోయాను. "ఎవరో, పాత కమిటీ వాళ్ళయి ఉంటారు" అన్నాను. మీ మీద అంత కోపం పెట్టుకుని కూడా మీ పరువు కోసం అబద్ధమాడాను. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ అబద్ధం నా మెడకే చుట్టుకుంది. "చూస్తిరా, ఎవరో ఏసినారంట! ఈయమ్మ ఫ్యాను పెట్టకుంటే ఈ రచ్చ యాడిది? టెంటు తీయాల్సిందే" అన్నారు చెన్నకేశవులుగారు. చేతులెత్తమన్నారు. ఒక్కొక్క చెయ్యీ లేస్తోంది.

అప్పుడు అత్తయ్య లేచారు. దగ్గుతూనే లేచారు.

"ఎవరో ఏంటండీ? మా ఉదయ్ భాస్కరే వేయించాడు. ఆ రోజు పనివాళ్ళకి టీ పెట్టి పంపింది నేనే. దానికీ ఈ వాసనకీ సంబంధం ఉందని నాకు తెలీదు. వాడికి తెలుసు, చదువుకున్నాడు. తెలిసీ పెళ్ళాం చేత తిట్లు తినిపించాడు. ఈ పిల్ల మొగుడి పేరు చెప్పలేక నీళ్ళు నములుతోంది. నాకా బాధ లేదు, నేను వాణ్ణి కన్నదాన్ని. ముందు ఆ రేకు తీయించండి, తర్వాత చేతులెత్తుదురు గాని."

లేచిన చేతులు దిగాయి. రేపు రేకు తీయించి, పావురాలకు వల కట్టిస్తారు. టెంటు ఉంటుంది. ఈశ్వరమ్మగారు సోమవారాలు పూజవేళ మాత్రం ఫ్యాను ఆపమన్నారు, సంతోషంగా ఒప్పుకున్నాను. పైకి వచ్చాక అత్తయ్య దేవుడి గదిలో కూర్చుని చాలాసేపు ఏడ్చారు. కొడుకును పదిమందిలో నిలబెట్టడం ఆవిడకు తేలికనుకున్నారా? మీరు దాచినదానికి మూల్యం చెల్లించింది ఆవిడ. దీన్ని నేను క్షమించలేకపోతున్నాను.

నన్నడక్కుండా నా తరఫున సారీ చెప్పారు. మీ తరఫున నేను చెప్పను. అదే గ్రూపులో, అందరూ చూసేలా మీరే రాయండి. ముందు మీ అమ్మకు రాయండి. అంతవరకూ ఫోన్ చేయకండి, ఎత్తేవాళ్ళు ఈ ఇంట్లో లేరు.

ఇట్లు,
పుణ్యవతిగారి కోడలు,
దేవిశ్రీ