నీళ్లు లేని వేళ తెరిచిన మూత

షిమోగావరా, మూడో వీధి
1986 ఫిబ్రవరి 19, బుధవారం

మిత్రుడు ఇగరాషి మసాజీకి,

తోకిచి నమస్కరించి రాస్తున్నది. చలి ముదిరిన ఈ రోజుల్లో నువ్వూ కియో గారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నా నడుము నొప్పి కాస్త తగ్గింది. నిన్న కురిసిన మంచు మా గుమ్మం దగ్గర ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్లు. ఈ ఏడు ఇది నాలుగో పెద్ద మంచు.

నాలుగిళ్ల అవతల ఉన్నవాడికి తపాలా బిళ్ల అంటించి ఉత్తరం వేయడం ఏమిటని నవ్వుకుంటావేమో. నవ్వితే నాకు సంతోషమే. ఈ పదమూడు రోజుల్లో రెండుసార్లు నీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను. నోటితో చెప్పడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. నాలుగో తరగతితో బడి మానేసి, పాత పేపర్లు చూసి అక్షరాలు దిద్దుకున్నవాణ్ని. తప్పులుంటే సర్దుకో.

వీధి మొదట్లో, ఇళ్ల ముందు మంచు నీళ్లతో కొట్టుకుపోవడానికి తవ్విన మంచు కాలువ నిబంధనల పలక నా చేతిరాతే. వీధిలో అందరికీ కంఠతా వచ్చిన మాటలే. నది నీళ్లు కాలువలోకి వదిలేది పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా. ఆ వేళల్లోనే ఇంటి ముందు కాలువ మూత తెరవాలి. మంచు గడ్డలను పారతో చితక్కొట్టి అందులో వేయాలి. నీళ్లు లేనప్పుడు పిడికెడు మంచు కూడా వేయకూడదు. నీళ్ల వేళలు చూసే వంతు ఈ ఏడు నాదే. అందుకే ఆరో తేదీన జరిగినదానికి నా పూచీ అందరికంటే ఎక్కువ.

ఆ సాయంత్రం నాలుగింటికి నీళ్లు వదిలారు. పావుగంటలో నీ ఇంటి ముందు కాలువ పొంగింది. నీళ్లు వాలు వెంబడి దిగి ఇషి గారి కోజి పులియబెట్టే గదిలోకి పోయాయి. మనందరి చారులోకి వేసే మిసో ముద్ద కోసం ఆమె బియ్యం పులియబెట్టి ఉంచిన పళ్లేలు ముప్ఫై. ఒక్కటీ దక్కలేదు. కాలువలో పార పెట్టి చూస్తే నీ మూత కిందే బియ్యం బస్తా అంత గడ్డలు రెండు ఇరుక్కుని ఉన్నాయి. అదంతా నువ్వూ చూశావు.

ఆ ఆదివారం వీధి సమావేశంలో నువ్వు చూడనిది చెబుతాను. నువ్వు తల వంచుకుని కూర్చున్నావు కాబట్టి మొహాలు నీకు కనపడలేదు. వీధి పెద్ద గెంజో గొంతు సవరించుకుని, ఎవరినీ వేలెత్తి చూపడం లేదు, ఊరికే అడుగుతున్నాను అన్నాడు. ఊరికే అడగడానికేముంది, ఇగరాషి వాళ్ల మూత కిందే దొరికాయి కదా, గడ్డలకు కాళ్లొచ్చి నడిచి దూరాయా అంది టోఫు కొట్టు మాత్సు. కొందరు నవ్వారు. ఇషి గారు నవ్వలేదు. నాకు ఎవరి క్షమాపణా అక్కర్లేదు, పోయిన సంవత్సరం పంచిన పాత మిసో ఎవరింట్లోనైనా మిగిలుంటే చెప్పండి చాలు, ఈ ఏడు దాంతోనే సర్దుకోవాలి అంది.

అప్పుడు నువ్వు లేచి నుదురు చాపకు ఆనేలా వంగి, మా ఇంటి తప్పే, క్షమించండి అన్నావు. మంచు కరిగేదాకా మీ మూత తెరవకండి అని తీర్మానించారు. రాయి తోకిచీ, నీ రాతే బాగుంటుంది అని గెంజో తీర్మానాల పుస్తకం నా ముందుకు జరిపాడు. రాశాను. ఇగరాషి వారి ఇల్లు అని స్పష్టంగా రాశాను. నా రాత ఎప్పుడూ అంత కుదురుగా రాలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున నువ్వు మంచును చెక్కబండి మీద వేసుకుని నది ఒడ్డు దాకా లాక్కుపోతున్నావు. అరవై ఎనిమిదేళ్లవాడివి. కిటికీ తెర వెనక నుంచి చూస్తున్నాను. వంతెన దగ్గర నువ్వు ఆగి ఊపిరి తీసుకునే చోటు కూడా నాకు తెలుసు.

ఇక అసలు సంగతి. మొన్న సోమవారం నువ్వు నది దగ్గరికి వెళ్లినప్పుడు కియో గారు మా ఇంటికి వచ్చింది. చేతిలో ముల్లంగి ఊరగాయ పొట్లం. గుమ్మంలోనే వంగి, తోకిచి గారూ, మీ వంతు నడుస్తుండగా మా వల్ల మీకు తలవంపులొచ్చాయి, క్షమించండి అంది. లోపలికి రమ్మన్నా రాలేదు. ఆమె చెప్పిన మిగతా మాటలు నీకు తెలియకపోవచ్చు.

మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదండీ. ఆ రోజు ఊరి నుంచి వచ్చి, గుమ్మం ముందంతా నువ్వే తీశావా కియో అని అడిగారు. నేనేమో కింద కుంపటి ఉన్న బల్ల దగ్గర దుప్పటి కప్పుకుని కునుకు తీసి లేచాను. నేనే తీసుంటాను అన్నాను. మంచం మీద పెట్టిన కళ్లద్దాలకే ఇల్లంతా వెతికేదాన్ని, పార పట్టిన సంగతి మాత్రం నాకెలా గుర్తుంటుంది చెప్పండి? అని నవ్వబోయి ఆగిపోయింది. చేసిన తప్పు గుర్తుంటే పోనీ ఏడవొచ్చు, గుర్తులేని తప్పుకి ఎలా ఏడవాలో తెలియడం లేదు అంది. నువ్వు ఇప్పుడు బయటికి వెళ్తే పారను ఎక్కడో దాచి వెళ్తున్నావట. ఆమె చూసిందట.

అప్పుడే నాకు అర్థమైంది, సమావేశంలో నువ్వు ఎవరి కోసం వంగావో. నేను ఏమన్నానో తెలుసా? పోనీలెండి, అందరూ మరిచిపోయారు అన్నాను. ఊరగాయ కూడా తీసుకున్నాను. ఆ పొట్లం విప్పలేదు.

మసాజీ, కియో గారు ఆ పని చేయలేదు. ఆ రోజు ఆమె నిజంగానే నిద్రలో ఉంది. ఆమె మతి తప్పి మూత తెరవలేదు. ఇది నాకు రూఢిగా తెలుసు. పార దాచకు.

ఇంతకంటే రాయడానికి చెయ్యి సాగడం లేదు. చలిలో జాగ్రత్త.

తలెత్తి పలకరించలేని,
కుమగాయి తోకిచి

ఇంకో మాట. పైన సంతకం పెట్టాక ఉత్తరం మళ్లీ చదివాను. నాకు రూఢిగా ఎలా తెలుసో రాయకుండానే ముగించాను. మడిచి కవరులో పెట్టబోయాను కూడా. మళ్లీ తీశాను.

ఆ గడ్డలు వేసింది నేను. డిసెంబరులో నా నడుము పట్టేసిన దగ్గర నుంచి, నేను లేచేసరికే నా గుమ్మం ముందు మంచు తీసి ఉండేది. రోజూ రాసుకునే పుస్తకంలో తేదీ కింద, మసాజీ తీశాడు, మసాజీ తీశాడు అనే రాయాల్సి వచ్చేది. ఒక్కరోజైనా, నేను తీశాను అని రాయాలనిపించింది. ఆరో తేదీన నువ్వు కంటి ఆసుపత్రికి వెళ్లావు. మధ్యాహ్నం నీ ఇంటి కప్పు మీది మంచు గుమ్మం ముందు కూలింది. నాలుగింటికి నీళ్లు వస్తాయని నాకంటే బాగా ఎవరికి తెలుసు? కానీ నీ బస్సు మూడింటికి వస్తుంది. నువ్వు దిగేసరికి గుమ్మం శుభ్రంగా కనపడాలి. నువ్వు చూడాలి, వీధి చూడాలి. గోడకు ఆనించిన నీ పారే తీసుకున్నాను. చితక్కొట్టడానికి నడుము ఒప్పుకోలేదు. గడ్డలు గడ్డలుగానే తోసి మూత వేశాను. ఉపకారం అని దీన్ని అనుకోకు. ఉపకారమైతే నాలుగింటిదాకా ఆగేవాణ్ని.

ఇదంతా విడిగా ఒక కాగితం మీద రాసి, ఇంటింటికీ తిరిగే కబురు పలకకు తగిలించాను. ఈ ఉదయమే మొదటి ఇల్లు, గెంజో వాళ్లది. ఇచ్చి వచ్చాకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను, ఇక వెనక్కి తీసుకునే వీలు లేకుండా. చదివిన ప్రతి ఇల్లూ తన గడిలో ముద్ర వేస్తుంది. ఇషి గారి ముద్ర పడుతుంది, మాత్సు ముద్ర పడుతుంది. వరసలో ఆఖరి గడి మీది.

ఆ ముద్ర నువ్వు వేయకు. కియో గారికి మొత్తం చదివి వినిపించి ఆమె చేత వేయించు. మీ తర్వాత చదవాల్సిన ఇల్లు లేదు కాబట్టి కాగితం మీ దగ్గరే ఉంచుకో. రేపటికి ఆమె మరిచిపోతే మళ్లీ చదువు.