ఆదివారం మైకు నాకియ్యి

చిల్లకూరు

జడ్సన్ అన్నకు,

నా గొంతు వాపుకి సూది పరీక్ష రిపోర్టు రాకముందే, మందిరంలో మైకు పట్టుకుని "మా చెల్లికి క్యాన్సరు, ప్రార్థించండి" అని చెప్పేశావు. నేను బతికుండగానే ఊరంతా ఏడ్చింది. తీరా చూస్తే అది టీబీ. థైరాయిడ్ గ్రంథికి టీబీ రావడం చాలా అరుదట. డాక్టరమ్మ పట్టుబట్టి పరీక్ష చేయించబట్టే తేలింది. మాత్రలతో తగ్గుతోంది.

ఇప్పుడేమో ప్రార్థనతో క్యాన్సరు మాయమైందని ఆదివారం సాక్ష్యం చెప్తావా? నేనూ ప్రార్థన చేశాను అన్నా. దేవుడి పేరుతో అబద్ధం మాత్రం ఆడను.

పక్కింటి మెర్లిన్‌కీ గొంతు వాచింది. ఆస్పత్రికి రమ్మంటే, "ఎందుకక్కా, నీకు ప్రార్థనతోనే పోయిందని జడ్సనన్న చెప్పినాడు గదా" అంది.

ఆదివారం మైకు నాకియ్యి. ఇవ్వనంటావా, రేపు ఆ పిల్ల సమాధి దగ్గర ప్రార్థన కూడా నువ్వే చేద్దువుగాని.

నీ చెల్లెలు