దొరసాని మేత ముట్టలేదు

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు రాద్దామనే కూర్చున్నాను గానీ చెయ్యి రావడం లేదు. కడుపులో పురుగులకని నువ్వు పంపిన నట్టల మందుతో మా దొరసానిని పొట్టన పెట్టుకున్నావు. ఇంకా పోలేదు. పోయేట్టుంది.

మందు నువ్వు చెప్పినట్టే పట్టించాను. ముందు పళ్ళు బిగించుకుంది. నేను ఉత్త వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి చూపిస్తే గానీ నోరు తెరవలేదు. మర్నాటికి పొట్ట కింద అరచెయ్యంత వాపు. తల వేలాడేసింది. తొట్టి వైపు చూడటం లేదు. ఐసు ఫ్యాక్టరీ నుంచి చేపల బజారుకి ఇన్నేళ్ళలో ఒక్కరోజు నాగా పెట్టని గుర్రం! ఇవాళ ఎక్కించిన ఐసుగడ్డలు బండి మీదే కరిగి కాలవలో కలిశాయి. దాన్ని ఆ స్థితిలో చూస్తే నాకు ముద్ద దిగుతుందా? నీ చదువు తగలెయ్య.

ఇట్లు,
దిక్కులేని మీ బావ

తా.క.: ఇది మీ అక్క రాస్తున్నది. ఈయన కళ్ళు తుడుచుకుంటున్నది గుర్రాన్ని తుడిచే గుడ్డతో. ఇప్పుడు కళ్ళు కూడా వాచాయి. వాటికి నీ మందుతో సంబంధం లేదు.

*

పూజ్యులైన బావగారికి,

పశువుల డాక్టరైన పాపానికి మీ బావమరిది నమస్కరించి రాయునది. కంగారు పడకండి. కడుపులోవీ చర్మం కిందవీ పురుగులు ఒక్కసారిగా చచ్చినప్పుడు కొన్ని గుర్రాలకి ఇలా పొట్ట కింద వాపు వస్తుంది, కాస్త నలతగా ఉంటుంది. నాలుగు రోజుల్లో అదే తగ్గుతుంది. ఒక పూట దాణా ఆపండి, నీళ్ళు మాత్రం ఆపకండి. మెల్లగా నడిపించండి. నేల మీద పడి దొర్లినా, పేడ ఆగిపోయినా ఉత్తరం రాస్తూ కూర్చోకుండా అక్కడి డాక్టర్ని పిలవండి.

మందు మీ నోట్లో పడలేదు కదా?

ఇట్లు,
విధేయుడు

తా.క.: పేడలో ఏం కనబడిందో రాస్తే చాలు. పేడ పంపవద్దు.

*

బావమరిదీ,

పేడ పంపవద్దన్న మాట ఉత్తరం అడుగున రాస్తే ఎలాగయ్యా? అంతవరకు చదివేలోపే పార్సిలు వెళ్ళిపోయింది.

వాపు తీసింది. ఆ ముక్క ఒప్పుకుంటాను. కానీ దాణా ఆపమన్నావు, ఆపాను. మళ్ళీ పెట్టమన్నావా? లేదు! అయినా పెట్టాను. ముట్టలేదు. లేత గడ్డి వేశాను, మొహం తిప్పుకుంది. క్యారెట్ ముక్కు కింద పెట్టి బతిమాలాను. క్యారెట్‌ని చూసి, నన్ను చూసి, నిట్టూర్చింది. అది నిన్ను క్షమించినట్టుంది. నేను క్షమించను.

ఇక్కడి డాక్టరొచ్చి అంతా తడిమి, జబ్బేమీ లేదు పొమ్మన్నాడు. డాక్టర్లంతా ఒకటే! పగలంతా శాలలో దాని పక్కనే గోనెసంచి వేసుకుని కూర్చుంటున్నాను. డొక్కలు లెక్కపెట్టొచ్చు. అది పోతే నేను ఎవరి వెనక నడవాలి? బండి అమ్మేస్తాను. నేనూ ఎంతోకాలం ఉండను.

ఇట్లు,
రేపోమాపో అన్నట్టున్న నీ బావ

తా.క.: తమ్ముడూ, శాలకి కంచం పంపితే కంచం పంపినట్టే వెనక్కి వస్తోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఇంతకీ నువ్వు మందు పంపింది ఎవరికి?

*

బావగారికి నమస్కారాలు.

మీ పార్సిలు ఆఫీసులో భోజనాల వేళ వచ్చింది. ఊరి నుంచి ఏదో తినేది వచ్చిందనుకుని అందరూ చుట్టూ మూగారు. నాతో ఇప్పుడు ఎవరూ భోజనానికి కూర్చోవడం లేదు.

అయినా మీ మీద గౌరవంతో పరీక్ష చేయించాను. లోపమేమీ లేదు. వాపు తీసింది, పురుగులు పోయాయి, ఇంకా మేత ముట్టకపోవడం మందు వల్ల కాదు. మందు తగిలిన చోట నోరు పొక్కిందేమో, ఒక్కసారి నాలుక ఎత్తి చూడండి. అదీ కాకపోతే నా విద్య అక్కడితో సరి. నాకూ బెంగగానే ఉంది బావా. పుస్తకాలన్నీ తిరగేశాను. ఆదివారానికి సెలవు అడిగాను, పెట్టె సర్దుకుని వస్తున్నాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: అక్కా, బావ తినకపోవడం నా శాఖ కాదు.

*

తమ్ముడికి అక్క దీవించి రాయునది.

నీ శాఖేలేరా. నోరు పొక్కలేదు. ఈయన మళ్ళీ ఉత్తరానికి కూర్చుంటే నేనే కలం లాక్కున్నాను.

దొరసానిని చిన్న పిల్లగా తెచ్చిన రోజు అది బెదురుకుని ఏదీ ముట్టలేదు. అప్పుడు ఈయన తొట్టి దగ్గర కూర్చుని, తను ఒక ముక్క కొరికి చూపించి దానికి పెట్టాడు. అదే అలవాటైపోయింది. రోజూ పొద్దున తొట్టి దగ్గర మొదటి ముద్ద ఆయనది, తర్వాతే అది. నలతతో ఒకరోజు అది మానేసింది. ఆ దిగులుతో ఈయన మానేశాడు. ఈయన తినలేదని అది మళ్ళీ మొదలుపెట్టలేదు. ఇన్నాళ్ళూ మర్యాదగా ఎదురుచూస్తోందిరా, పిచ్చిది!

నిన్న ఒళ్ళు మండి, కంచం పట్టుకెళ్ళి ఈయన నోట్లో ముద్ద కుక్కాను. నమిలాడు. దొరసాని చెవులు నిక్కించింది. రెండో ముద్దకి తొట్టిలో మూతి పెట్టింది. ఈయన నములుతూనే వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను కూడా, కొంచెం. నువ్వు మాత్రం రావడం మానకు.

ఈ రోజులన్నీ నేను వేళకి శుభ్రంగా తిన్నానని తెలిసి ఈయన నాతో మాట్లాడటం లేదు. ఖాళీ కడుపు మీద ఒక్కసారిగా పట్టించినందుకు ఇప్పుడు ఈయనకి కడుపునొప్పి. నీకు రాయొద్దన్నాడు. రాస్తే ఒక పూట దాణా ఆపమంటావట, అప్పుడు అదీ మానేస్తుందట.

ఇట్లు,
మీ అక్క

తా.క.: అది ముసలిదైపోతోందిరా. ఏదో ఒకరోజు నిజంగానే మేత మానేస్తుంది. ఆ రోజు ఈయన చేత ముద్ద తినిపించే మందేమైనా ఉంటే, వచ్చేటప్పుడు పెట్టెలో వేసుకునిరా. ఇప్పటి నుంచే దగ్గర పెట్టుకుంటాను.