ట్రైసికిల్ బండి నంబరు

జోవీ, పొద్దుటి డ్యూటీకి వెళ్తున్నాను. అడోబో కూర పొయ్యి మీద ఉంది, తిన్నాకే బయల్దేరు.

ఫోన్‌లో పరిచయమైన ఆ రామిల్‌ని జనం ఉన్న చోటే కలువు. మోలో చర్చి ఎదురుగా ఉన్న బేకరీ చాలు. తన బండి మీద దింపుతానంటే వద్దను, ఇల్లు చూపించకు. నువ్వు ఎక్కిన కిరాయి ట్రైసికిల్ బండి నంబరు నాకు పంపు.

మంచివాడేనని వందసార్లు చెప్పావు. అప్పట్లో నేనూ ఒకడి గురించి అమ్మకు అలాగే చెప్పి వెళ్లాను. ఏ బండి ఎక్కానో ఎవరికీ తెలియక, నన్ను వెతికి తీసుకురావడానికి నాన్నకు రెండు రోజులు పట్టింది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు, అందుకే నేనే రాస్తున్నాను.

– అక్క

మరిచాను. అమ్మ గేటు దాకా వచ్చి బండి నంబరు అరచేతి మీద రాసుకుంటుంది. నేను డ్యూటీకి వెళ్లినా రాసుకుంటుంది. నవ్వకు. ఆ రోజు అమ్మ నంబరు చెప్పమంటే నేను నవ్వేశాను.