పడని మందులకు ఒకటే గడి

అమ్మడూ, ముందే చెబుతున్నా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. నిన్న జ్వరమని మీ పిన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నర్సమ్మ సూదిమందు ఇవ్వబోతే, “అది నాకు పడదమ్మా, పోయినసారే చెప్పాను” అన్నాను. “కంప్యూటర్లో వేరే మందు పేరుంది, మామ్మగారూ” అంది. పడని మందుకు ఒకటే గడి ఉందట, రెండోది రాయగానే మొదటిది చెరిగిపోయిందట. నువ్వూ ఆసుపత్రుల కంప్యూటర్లకు రోగుల పట్టికలే తయారుచేస్తూ, “మనిషికి ఒక్క వరుసే, అమ్మమ్మా” అని మురిసిపోయావు కదా, అది గుర్తొచ్చి ఒకటే బెంగ. పడని మందులకు వేరే పట్టిక పెట్టు తల్లీ, ఒక్కోదానికి ఒక్కో వరుస ఇవ్వు. నాకైతే నోరుంది, స్పృహ తప్పినవాళ్ళు ఏం చెప్పుకుంటారు? మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వేళకు తిను. నీ చేతి చలువ పదిమందికీ దక్కాలి. మార్చానని ఒక్క ముక్క రాస్తేగానీ నాకు నిద్ర పట్టదు.

అమ్మమ్మ