ఇన్‌స్పెక్టరుకి షుగరు

మార్చి 3, సోమవారం
మేడ మీద నుంచి

గౌరవనీయులైన వదిన గారికి,

నమస్కారాలు. నేను క్షేమం. మీరూ క్షేమమేనని వేరే అడగక్కర్లేదు, పొద్దున ఎనిమిదింటి నుంచీ మీ కుట్టుమిషను చప్పుడు నా కాళ్ళ కింద వినిపిస్తూనే ఉంది. పద్దెనిమిది మెట్లు దిగి చెప్పాల్సిన మాటకి స్టాంపు అంటించానని నవ్వుకోకండి. పోస్టుమాను ఇప్పటికే నవ్వాడు. మేడ మీది ఉత్తరం ఊరంతా తిరిగి మేడ కిందికే రావాలా అమ్మా అని అడిగాడు. నీ పని నువ్వు చూసుకో నాయనా అన్నాను.

విషయం మన ఇన్‌స్పెక్టరు గురించి. తను పనిచేసే బస్సు డిపోలో దొరికిన పిల్లిపిల్లని అన్నయ్య చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చిన రోజు మీకూ గుర్తుండే ఉంటుంది. టిక్కెట్లు తనిఖీ చేసేవాళ్ళలా చెప్పాపెట్టకుండా బస్సెక్కేసి సీటు సీటూ వాసన చూస్తాడని ఆ పేరు పెట్టాడు. అన్నయ్య పోయాక లోపలి మెట్ల తలుపుకి మీ వైపు మీరూ, నా వైపు నేనూ గడియ పెట్టుకున్నాం. అప్పటి నుంచి ఈ ఇంట్లో పైకీ కిందికీ తిరుగుతున్నది వాడొక్కడే.

నెల రోజులుగా వాడు బకెట్లో మూతి పెట్టి నీళ్ళు తాగుతున్నాడు. ఇసుక తొట్టి చెరువైపోతోంది. ఎంత తిన్నా వీపు ఎముకలు చేతికి తగులుతున్నాయి. నిన్న కిటికీ గట్టు మీదికి ఎగరబోయి కింద పడ్డాడు. పడి, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు మూతి తుడుచుకున్నాడు. నడుస్తుంటే వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనుతున్నాయి. అది చూసి భయం వేసి బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆవిడ చెవి అంచున గుచ్చి ఒక్క చుక్క రక్తం తీసి, షుగరు అని చెప్పింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మన ఇంటి జబ్బు పిల్లిని కూడా వదల్లేదు! రోజుకి ఎన్నిసార్లు తింటాడని అడిగితే రెండుసార్లే అన్నాను. ఆవిడ వాడి మీసానికి అంటుకున్న నీలం దారపు పోగు తీసి నా ముందు పెట్టి, మరి రెండో ఇల్లెక్కడ అని అడిగింది. దొంగవెధవ తిండికి పైన నా దగ్గరా ఏడుస్తున్నాడు, కింద మీ దగ్గరా ఏడుస్తున్నాడన్నమాట.

అందుచేత మనవి ఏమిటంటే, ఇకమీదట వాడికి ఏమీ పెట్టకండి. పొద్దున ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ తిండి పెట్టి, వెంటనే ఇన్సులిన్ సూది వెయ్యాలి. అది నేను చూసుకుంటాను. మీకు శ్రమ అక్కర్లేదు.

ఇట్లు,
మీ ఆడపడుచు

తా.క. జవాబు రాయక్కర్లేదు. వాడి గిన్నె బయటి మెట్ల మీద పెడితే ఒప్పుకున్నట్టే అనుకుంటాను.


మార్చి 12, బుధవారం

వదిన గారికి,

నమస్కారాలు. గిన్నె తోమి, బోర్లించి మెట్ల మీద పెట్టారు. చాలా సంతోషం. అయితే ఆ ఉత్తరంలో కొట్టిన గొప్పలు ఇప్పుడు దిగమింగుకోవాలి.

నాకు సూది వెయ్యడం రావట్లేదు. ముప్పై ఏళ్ళుగా గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కుడుతున్నదాన్ని, ఎంత లావు అట్ట అయినా దబ్బనంతో ఒక్క పోటుకి దింపుతాను. వెంట్రుకంత సూది మాత్రం ఎటు పట్టుకోవాలో తెలియట్లేదు. వాడు తల తిప్పి, ఈవిడకి లైసెన్సు ఉందా అన్నట్టు చూస్తాడు. నేను కళ్ళు మూసుకుని పొడుస్తాను. మందంతా బొచ్చులోకే పోతోంది. నిన్న మళ్ళీ పరీక్ష చేసిన డాక్టరమ్మ, సూది పిల్లికి వేస్తున్నారా, పిల్లి వేసుకున్న స్వెట్టరుకి వేస్తున్నారా అని అడిగింది. ఆ తరవాత నవ్వకుండానే, ఇలాగే సాగితే నెల రోజులు కూడా ఉండడని చెప్పింది.

మీరు తొమ్మిదేళ్ళు అన్నయ్యకి రెండు పూటలా వేశారు. ఒక్కనాడూ అన్నయ్య అబ్బా అనడం నేను వినలేదు. ఆసుపత్రి వరండాలో, చుట్టాలందరి ముందూ, నువ్వు సరిగ్గా చూసుకుని ఉంటే మా అన్నయ్య బతికేవాడని మిమ్మల్ని అన్నాను. ఆ నోటితోనే ఇప్పుడు సాయం అడగాల్సి వస్తోంది. సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను. ఇన్‌స్పెక్టరు కూడా పోతే, అన్నయ్య చేతి అన్నం తిన్న ప్రాణి ఈ ఇంట్లో ఇంకొకటి మిగలదు.

మీ
ఆడపడుచు

తా.క. మందు సీసా నా ఫ్రిజ్‌లో ఉంది. బయటి తలుపు తీసే ఉంచుతాను. నాతో మాట్లాడక్కర్లేదు.


ఏప్రిల్ 27, ఆదివారం

వదినా,

ఈసారి స్టాంపు లేదు. లోపలి తలుపు కింద నుంచి తోస్తున్నాను. మీరు, గారు లాంటివి కూడా వదిలేశాను, కోపం వస్తే వచ్చింది.

నువ్వు నిజంగానే మాట్లాడలేదు. ఆ రోజు పైకి వచ్చి, సూదులు గుచ్చుకునే నీ చిన్న దిండు బల్ల మీద పెట్టి, నా వేళ్ళు పట్టుకుని చూపించావు. చర్మం డేరాలా ఎత్తాలి, సూది కింద నుంచి దూరాలి, అంతే. అరగంటలో ఒక్క ముక్క మాట్లాడకుండా నేర్పించావు. నాలుగో రోజుకి ఇన్‌స్పెక్టరు నా సూదికి కూడా కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పొద్దున నా వంతు, సాయంత్రం నీ వంతు అయింది. పొద్దున నేను బజారు నుంచి రావడం ఆలస్యమైతే నువ్వే వేసి, వాడి మెడపట్టీకి ఎర్ర దారం ముడి వేసేదానివి. దారం ఉంటే సూది అయిపోయినట్టు. మాటల్లేని ఇద్దరు ఆడవాళ్ళకి అంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది అనుకున్నాను. నా బుద్ధి తగలెయ్య!

కిందటి వారం శనివారం బజారులో క్యూ కదల్లేదు. నేను వచ్చేసరికి ఏడూ నలభై. వాడు బయటి మెట్ల మీద ఎండలో కూర్చున్నాడు. పక్కన కూలబడి కాసేపు దువ్వాను. ఆ దువ్వడంలోనే, నాకు తెలియకుండానే, సంచిలోంచి కత్తెర తీసి మెడ దగ్గర వేలాడుతున్న దారం కత్తిరించి పారేశాను. ముప్పై ఏళ్ళ అలవాటు వదినా. పుస్తకం ఒళ్ళోకి వస్తే వేలాడే కొస ఉండకూడదు, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది. ఇంట్లోకి వచ్చి చూస్తే మెడపట్టీకి దారం లేదు. అయ్యో, వదినకి కూడా తీరలేదేమో అనుకుని తిండి పెట్టాను. వాడు రెండు మెతుకులు కొరికి వదిలేశాడు. అప్పుడైనా అనుమానం రావాలా? రాలేదు. సూది వేశాను.

పదిన్నరకి వాడు తాగినవాడిలా తూలి గోడకి కొట్టుకుని పడిపోయాడు. కాళ్ళు కొట్టుకుంటున్నాయి. చేతుల్లో వేసుకుని చెప్పుల్లేకుండా మెట్లు దిగుతూ వదినా అని అరిచాను. ఏడాది రెండు నెలల తరవాత ఆ మాట నా నోట్లోంచి అలా ఊడిపడింది. నువ్వు మిషను వదిలి వచ్చి, వాడి మెడా, నా మొహమూ చూసి, రెండోసారి వేశావా అని అడిగావు. అవునన్నాను. తీపి కావాలి, వెంటనే అన్నావు. ఎక్కడుంది తీపి? అన్నయ్యకి షుగరు వచ్చిన ఏడాదే పైనా కిందా రెండు వంటిళ్ళలో పంచదార మానేశాం కదా. పక్కింటికి పరిగెత్తబోయావు. తాళం. అప్పుడు చెప్పాను, పైన అటక మీద, పాత అట్టల వెనక, డబ్బాలో నారింజ బిళ్ళలు ఉన్నాయని.

నువ్వు డబ్బా తెచ్చావు. రెండు బిళ్ళలు గుడ్డలో చుట్టి ఇస్త్రీపెట్టెతో నలగ్గొట్టి, వేడినీళ్ళలో కలిపి వాడి చిగుళ్ళకి రాస్తూనే ఉన్నావు. నీ వేలు వాడు కొరికాక గానీ నాకు ఊపిరి అందలేదు. ఆటోలో వాణ్ణి నీ ఒళ్ళోనే పెట్టుకున్నావు. రెండు సూదులు ఎవరు వేశారని డాక్టరమ్మ కసిరితే, నేను నోరు తెరిచేలోపు, మా ఇద్దరి పొరపాటేనండి అన్నావు. పొరపాటు నా ఒక్కదానిదే. ఆసుపత్రిలో నేను నీకు చేసినది నువ్వు నాకు చెయ్యలేదు.

నిన్న వాణ్ణి పరీక్షకి తీసుకెళ్ళాను. షుగరు దిగుతోందట. తిండి ఇలాగే కట్టుదిట్టంగా ఉంటే, పిల్లులకి ఒక్కోసారి సూది అవసరమే లేకుండా పోతుందట. ఇవాళ పొద్దున కిటికీ గట్టు మీదికి ఒక్క ఉదుటున ఎగిరి, తనకి దండేసి ఊరేగించమన్నట్టు కూర్చున్నాడు. నీకు చెప్పాలనిపించింది.

నీ ఆడపడుచు

తా.క. ఉత్తరమంతా రాసింది ఈ నాలుగు ముక్కల కోసమే. ఆ రోజు డబ్బా మూత తీసేముందు నువ్వు ఒక్క క్షణం ఆగావు. నేను చూశాను. అది నీ బొత్తాల డబ్బా. మూత మీద నువ్వు అంటించిన ముత్యపు బొత్తం ఇంకా అలాగే ఉంది. నాలుగేళ్ళ కింద అది కనబడలేదని నీ కుట్టు షాపంతా తిరగేశావు. అన్నయ్యే పైకి తెచ్చాడు. రోజూ డ్యూటీ దిగగానే నీ దగ్గరికి వచ్చేముందు బయటి మెట్లెక్కి నా దగ్గర బిళ్ళలు తినేవాడు. ఒక్కటి అని మొదలై నాలుగైదు అయ్యాయి. చిన్నప్పుడు అమ్మకి చెప్పకు అన్నట్టే, వదినకి చెప్పకు అనేవాడు. కొని నింపింది నేను. సూది పెంచినా షుగరు ఎందుకు దిగదో తెలియక నువ్వు డాక్టర్ల చుట్టూ తిరిగి ఏడుస్తుంటే నాకు తెలుసు. వరండాలో నీ మీద వేలెత్తినప్పుడూ తెలుసు. తెలుసు కాబట్టే అంత గట్టిగా అరిచాను. అన్నయ్య ప్రాణం తీసింది ఆ బిళ్ళలేనా అంటే ఆ దేవుడికే తెలియాలి. నింద మాత్రం నీది కాదు వదినా, నాది. చుట్టాలందరికీ ఈ మాట నేనే రాస్తున్నాను, ఉత్తరాలు బల్ల మీద ఉన్నాయి, స్టాంపులు కూడా అంటించాను.

రేపటి నుంచి దారం వద్దు. సూది వేశావో లేదో నోటితో అడుగుతాను. లోపలి తలుపుకి నా వైపు గడియ తీసేశాను. నీ వైపుది నీ ఇష్టం.