మధ్యాహ్నానికి ఆగిపోయే కంప్యూటర్

మార్చి 29, మధ్యాహ్నం 2:40

మళ్ళీ ఆగిపోయింది. ఇవాళ ఇది మూడోసారి. సేవ్ చెయ్యని రెండు పేజీలు గాల్లో కలిసిపోయాయి. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, పక్కింట్లో టీవీ మోగుతోంది. నా సిస్టమ్ ఒక్కటే చచ్చింది. సీపీయూ మీద చెయ్యి వేస్తే పెనంలా కాలింది.

పెళ్ళికి ముందు రాజమండ్రిలో డీటీపీ ఆపరేటరుగా చేస్తూ నా జీతంతో కొనుక్కున్న సిస్టమ్ ఇది. పాతదే, కాదనను. కానీ నా సాఫ్ట్‌వేర్, నా తెలుగు ఫాంట్లు దీంట్లోనే నడుస్తాయి. కొత్త వాటిలో వేస్తే ఒత్తులన్నీ ఎక్కడివక్కడ ఊడిపడతాయి. ఇది పోయిందంటే ఇంట్లో కూర్చుని నేను చేసుకునే పని కూడా పోయినట్టే.

దొరబాబు గారి ప్రెస్సుకి మత్స్యకార సంఘం సావనీర్ చేస్తున్నాను. ఏప్రిల్ పదమూడున వాళ్ళ సభ. పదకొండుకల్లా పేజీలు అందకపోతే ఇకమీదట పని వేరేవాళ్ళకి ఇచ్చుకుంటానని ఆయన ముందే చెప్పేశాడు. చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండుతోంది.

ఏప్రిల్ 1

మా ఆయన గోపి డ్యూటీ నుంచి వచ్చి అన్నం తింటూ, దాన్ని పాత ఇనుప సామాన్ల వాడికి ఇచ్చెయ్యమన్నాడు. నీ బండి దానికంటే పాతది, ముందు దాన్ని ఇచ్చెయ్ అన్నాను. చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు. రోజంతా స్టీల్ ప్లాంట్ వేడిలో నిలబడి వచ్చే మనిషికి నా సీపీయూ వేడి అర్థం కాదా?

ఏప్రిల్ 3

పొద్దున గోపి సిస్టమ్‌ని స్కూటర్ మీద పెట్టుకుని పూర్ణా మార్కెట్ దగ్గర ఆసిమ్ షాపులో దింపి వచ్చాడు. మా సిస్టమ్‌కి ఏమొచ్చినా ఆసిమే చూస్తాడు. బ్లోయర్‌తో దుమ్ము ఊదాడట, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది రాశాడట, ఫ్యానుకి ఆయిల్ వేశాడట. రెండు రోజులు ఆన్‌లో ఉంచి చూసి ఇస్తానన్నాడు.

ఏప్రిల్ 5

వచ్చేసింది. షాపులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదట. హమ్మయ్య. టేబుల్ గోడకి నెట్టి, వైర్లన్నీ పెట్టి, సాయంత్రం నాలుగు పేజీలు లాగాను.

ఏప్రిల్ 6, మధ్యాహ్నం 3:00

ఆగిపోయింది.

ఏప్రిల్ 6, సాయంత్రం

ఆసిమ్‌కి ఫోన్ చేశాను. నోటికొచ్చిందంతా అన్నాను. నా మంచి ఫ్యాను పీకేసి ఏదో పాత ఫ్యాను తగిలించావు, లేకపోతే నీ దగ్గర నడిచింది ఇక్కడెందుకు నడవదని అడిగాను. వాడు గొంతు పెంచలేదు.

"అక్కా, మిషన్ నా కాడ బాగానే నడిసింది. మీ ఇంట్లోనే ఏటో ఉంది, సూసుకోండి," అన్నాడు.

నా ఇంట్లో ఏముంటుంది? పెట్టేశాను.

ఏప్రిల్ 7

సీపీయూ పక్క రేకు విప్పేసి టేబుల్ ఫ్యాను దాని మీదికి తిప్పాను. సాయంత్రం దాకా ఆగలేదు. మా నీలిమ స్కూల్ నుంచి వచ్చి, నాన్నకి లేని ఫ్యాను కంప్యూటర్‌కి ఎందుకని అడిగింది. ఆరేళ్ళకే దీనికి గోపి పోలికలు.

ఏప్రిల్ 8

లోపలికి చూశాను. ఒక్క రోజు. ఒక్క రోజుకే బోర్డంతా నల్లటి పొడి. వేలితో తీస్తే కాటుకలా అంటుకుంది.

కాలనీ వెనకాలే బొగ్గు యార్డు. గాలి ఇటు తిరిగితే చాలు, ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవాలి. తాగే నీళ్ళకి మూత, కుళాయికి గుడ్డ, కిటికీకి పరదా, అన్నం గిన్నె మీద పళ్ళెం, దాని మీద ఇంకో పళ్ళెం. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ మూతలేంటని నవ్వేదాన్ని. ఇప్పుడు నాకూ చెయ్యి ఆగదు. అయినా ఎవడి బొగ్గు? ఎవడి కోసం? మేమెందుకు తుడుచుకుంటూ బతకాలి?

అత్తయ్య నా వెనకే నిలబడి లోపలికి చూసింది. ముఖం పాలిపోయింది. మూత తీసి పెడతారా ఎవరైనా అని నన్నే కోప్పడింది. తుడిచి రేకు బిగించేశాను.

ఏప్రిల్ 10

దొరబాబు గారు పొద్దున ఫోన్ చేశాడు. రేపు సాయంత్రానికి అన్నాను. పదకొండింటికి సిస్టమ్ ఆగింది. పన్నెండుకి మళ్ళీ.

పిచ్చి కోపంతో టేబుల్ మొత్తం ముందుకి లాగాను. సీపీయూ వెనక, గాలి వెళ్ళే జల్లెడ కన్నాల మీద, మావయ్యగారి పాత పంచె ముక్క. రెండు మడతలు పెట్టి, చుట్టూ దారం లాగి ముడేసి ఉంది. మా కుళాయికి కట్టినట్టే, అంత పొందిగ్గా. పంచె ఒకప్పుడు తెల్లనిదని అంచు చూస్తేగాని తెలియలేదు.

అరిచాను. అత్తయ్య మీద ఇన్నేళ్ళలో ఎప్పుడూ అరవనంత అరిచాను. నా పని నాశనం చేశావన్నాను. నీ వల్ల ఆసిమ్‌ని దొంగని చేశానన్నాను. శివరాత్రి తర్వాత నుంచి కడుతోందట. సిస్టమ్ స్కూటర్ మీద షాపుకి వెళ్ళే రోజు పొద్దున్నే విప్పి ఉతికిందట, పరాయివాళ్ళ ముందు మాసిన గుడ్డ బాగోదని. తిరిగొచ్చిన మర్నాడు మళ్ళీ కట్టింది.

ఆవిడ ఏడవలేదు. గోడకి ఆనుకుని నిలబడి అంది: "దుమ్ము పీలిస్తే పాడైపోద్దని కట్టినానమ్మా. మీ మావకి కూడా రోజూ మూతికి కట్టీదాన్ని. ఊపిరాడ్నేదని తీసి పారేసీవోడు. ఇదైతే తియ్యనేదు."

మావయ్యగారు ఆ యార్డులోనే పనిచేశారు. నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికే మంచంలో ఉన్నారు. ఆయన దగ్గు ఒక్కటే నాకు తెలుసు.

ఆ తర్వాత నాకు అరవడానికి మనిషి దొరకలేదు. కోపం మాత్రం అలాగే ఉంది.

ఏప్రిల్ 11

గుడ్డ లేకుండా రోజంతా నడిచింది. సావనీర్ అయిపోయింది. దొరబాబు గారు అందింది అని ఒక్క మాట అన్నాడు, చెయ్యడానికి ఇంకో పుస్తకం కూడా పంపాడు.

ఆసిమ్‌కి ఫోన్ చేసి తప్పు నాదేనన్నాను. నవ్వి, మందం గుడ్డ వద్దు, దోమతెర ముక్క చట్రానికి బిగించి కన్నాలకి జానెడు దూరంలో నిలబెట్టండి, వారానికోసారి కడగండి అన్నాడు. చట్రం గోపి చేశాడు. తెర అత్తయ్య కుట్టింది. నేను చూస్తూ కూర్చున్నాను.

పంచె ముక్క బకెట్లో నానబెట్టాను. ఎన్ని నీళ్ళు మార్చినా నలుపే.

ఏప్రిల్ 14

పొద్దున నీలిమ ముక్కు చీదింది. రుమాలు నల్లగా ఉంది.

కంప్యూటర్ చాలా బాగా నడుస్తోంది.